కాపీ పేస్టే కదా!

"ఏరా, కాపీ చేసి పేస్ట్ చెయ్యడానికి పదిహేను రోజులా?" అన్నాడు అన్నయ్య డల్లాస్ నుంచి. కోపం రావాల్సిన మాటే కానీ నాకు రాలేదు, ఎందుకంటే ఆ పని నెత్తిన వేసుకున్న రోజు నేనూ అచ్చం అలాగే అనుకున్నాను. ఫైలు ఉంది, అందులో మేటర్ ఉంది, అంతా సెలెక్ట్ చేసి కంట్రోల్ సీ, ఇవతలికి వచ్చి కంట్రోల్ వీ, టీ చల్లారేలోపు అయిపోవాలి.

సంగతేమిటంటే, మా పెదనాన్న తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక పల్నాడు మెట్ట సేద్యం మీద ఓ 140 పేజీల పుస్తకం రాశాడు. తను చిన్నప్పుడు చూసిన పనిముట్లు, పంటలు, కూలి లెక్కలు, ఎద్దుల పేర్లు, పాలేళ్ల తిట్లు, అన్నీ ఉంటాయి అందులో. 2003లో గుంటూరులో ఒక డీటీపీ సెంటర్‌లో కంపోజ్ చేయించి 500 కాపీలు వేయించాడు. చుట్టాలకు పంచినవి పోగా మిగిలినవి అటక మీద చెదలకి పోయాయి. ఆయన పోయి ఆరేళ్లయింది. ఈసారి సంవత్సరీకానికి ఆ పుస్తకం మళ్లీ అచ్చువేయాలి, ఈ-బుక్ కూడా పెట్టాలి అని అన్నయ్య కోరిక. పెద్దమ్మ బీరువాలో, పట్టుచీరల మధ్య, పుస్తకం సీడీ దొరికింది. ఇంకేం, పని సగం అయిపోయినట్టే అనుకున్నాం అందరం.

సీడీ చదివే కంప్యూటర్ దొరకడానికి రెండు రోజులు పట్టింది. ఆనాటి పేజ్ లేఅవుట్ ప్రోగ్రాం, ఆనాటి ఫాంట్లు ఉన్న పాత మెషిన్ ఒకటి తెలిసినవాళ్ల దగ్గర పట్టుకుని ఫైలు తెరిస్తే, అబ్బ, మొదటి పేజీ నుంచి చివరిదాకా ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక పేరా కాపీ చేసి మామూలు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశాను. డాలర్ గుర్తులు, డిగ్రీ గుర్తులు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో పౌండ్ గుర్తు, సగానికి విరిచిన భిన్నాలు. పెదనాన్న ఎద్దుల సంగతి ఎక్కడా లేదు.

తెలిసిన డీటీపీ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే ఆవిడ నవ్వేసి, "దానికి ఆ ఫాంట్ వెయ్యండి సార్, తెలుగు వచ్చేస్తుంది" అంది. వేశాను. వచ్చేసింది! సరే అని ఫోన్‌కి పంపుకుంటే మళ్లీ డాలర్లు, డిగ్రీలు. ఫాంట్ వేస్తే తెలుగు, తీస్తే గోల. అంటే ఆ ఫైల్లో తెలుగు అసలు ఏనాడూ లేదన్నమాట. తెలుగులా కనిపించే వేషం ఉంది. వేషం విప్పితే లోపల ఉన్నవన్నీ వేరే అక్షరాలు.

డీటీపీ పనిలో ఉన్నవాళ్లకు ఇది పాత కథే. బయటివాళ్లకు, ముఖ్యంగా రచయితలకు, ఇప్పటికీ తెలియదని నాకు ఈ పదిహేను రోజుల్లో బాగా అర్థమైంది, అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

అప్పట్లో ఒక ఫాంట్‌లో 256 గదులుండేవి. వాటిలో కొన్ని కంప్యూటర్ తన సొంతానికి ఉంచుకోగా మిగిలేవి రెండొందల పైచిలుకు. ఇంగ్లిష్‌కి అది జాగీరు. మనకేమో అచ్చులు, హల్లులు, వాటి గుణింతాలు, మళ్లీ వాటికి వత్తులు, వేలల్లో రూపాలు. అన్నీ ఆ గదుల్లో పట్టవు కదా, అందుకని తెలివైనవాళ్లు అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, దీర్ఘం ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తులు వేరే ముక్కలు. ఒక ముక్కని డాలర్ గుర్తు ఉండాల్సిన గదిలో, ఇంకోదాన్ని డిగ్రీ గుర్తు గదిలో సర్దారు. ఆపరేటర్ కీ నొక్కితే ముక్కలు పక్కపక్కన పడి కంటికి 'క్షే' అనో 'స్త్రీ' అనో కనిపిస్తాయి. కంప్యూటర్‌కి మాత్రం అది తెలుగని తెలియదు, ఏవో నాలుగు పిచ్చి గుర్తులు వరసగా ఉన్నాయని తెలుసు, అంతే. నోట్‌ప్యాడ్ నాకు అబద్ధం చెప్పలేదు. ఉన్నదున్నట్టు చూపించింది.

ఇలా చేసినవాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. 'అను' పేరుతో వచ్చిన తెలుగు ఫాంట్లు, పేజీలు కట్టే ప్రోగ్రాం పేజ్‌మేకర్, ఈ జోడీ లేకపోతే తొంభైల్లో, రెండువేల మొదట్లో తెలుగు చిన్న పత్రికలు, ఊళ్లలో కవుల సంకలనాలు, పెళ్లి శుభలేఖలు ఏ కంప్యూటర్‌తో వచ్చేవి? అక్షరాలను అక్షరాలుగా దాచుకునే పద్ధతి అప్పటికే కాగితం మీద ఉంది, అది వేరే సంగతి. మన దేశంలో భారతీయ భాషలకు ఇస్కీ అనే ప్రమాణం 1991లో ఖరారైంది, ప్రపంచ భాషల అక్షరాలకు తలా ఒక నంబర్ ఇచ్చే యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది కూడా అదే ఏడాది, అందులో తెలుగుకి చోటుంది. కానీ మామూలు మనిషి ఇంట్లో ఉండే విండోస్‌లో తెలుగు తనంతట తాను సరిగ్గా కనిపించింది 2001లో ఎక్స్‌పీ వచ్చాక, గౌతమి ఫాంట్‌తో. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 కూడా 2001దే, దానికి యూనికోడ్ ముక్క అర్థం కాదు. ఈ పదేళ్ల సందులో పుస్తకాలు ఆగుతాయా? ఆగలేదు. ఉన్నదాంతో పని కానిచ్చారు.

నా గొడవంతా తర్వాత జరిగిన దాని గురించి. దానికంటే ముందు ఈ కాపీ, పేస్ట్ అనే మాటలు మనల్ని ఎలా మోసం చేస్తాయో చెప్పాలి.

కట్, కాపీ, పేస్ట్ అనే పద్ధతికి రూపం ఇచ్చినవాళ్లలో ముందు చెప్పుకునే పేరు లారీ టెస్లర్, డెబ్బైల నడుమ జిరాక్స్ వాళ్ల పరిశోధన కేంద్రంలో టిమ్ మాట్‌తో కలిసి జిప్సీ అనే టెక్స్ట్ ఎడిటర్ ప్రోగ్రాం తయారుచేస్తూ చేశాడు. 2020 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు సోషల్ మీడియా నిండా అదే సంతాపం కాపీ పేస్ట్ అయింది, ఆయనకదే సరైన నివాళి అనుకోండి. ఆ మాటలు వచ్చింది మాత్రం నిజం కత్తెర, నిజం జిగురు నుంచి. మన పత్రికాఫీసుల్లో కూడా పేజీలు అలాగే కట్టేవాళ్లు, కంపోజ్ అయిన వార్తని కత్తిరించి షీట్ మీద అతికించి. అక్కడ కత్తిరించిన కాగితం ఏదో అతికించిన కాగితమూ అదే. మన బుర్రలో ఇప్పటికీ ఆ బొమ్మే ఉంది.

కంప్యూటర్‌లో అలా జరగదు. మీరు వర్డ్‌లో ఒక పేరా కాపీ చేస్తే, వర్డ్ ఆ పేరాని ఒక్క రూపంలో బయట పెట్టదు. "నా దగ్గర ఇది రంగులూ సైజులతో సహా ఉంది, వెబ్ పేజీకి సరిపడేలా ఉంది, ఉత్త అక్షరాలుగా ఉంది, ఏది కావాలో అది తీసుకోండి" అని క్లిప్‌బోర్డ్ అనే ఉమ్మడి చోట ఒక జాబితా పెడుతుంది. పేస్ట్ చేసే ప్రోగ్రాం తనకి అర్థమయ్యే రూపం ఎంచుకుంటుంది. వాట్సాప్ ఉత్త అక్షరాలు తీసుకుంటుంది, అందుకే మీ బోల్డ్ మాయమవుతుంది. ఈమెయిల్ హంగులన్నీ తీసుకుంటుంది, అందుకే ఒక ఉత్తరంలో మూడు సైజుల అక్షరాలు కనిపించి అవతలివాళ్లకి మీరు ఎక్కడెక్కడి నుంచి అతికించారో తెలిసిపోతుంది. ఒక్కోసారి ఆ సరుకు కూడా చేతిలో ఉండదు, అడిగినప్పుడు ఇస్తానన్న మాట మాత్రమే ఉంటుంది. పాత వర్డ్‌లో చాలా పేజీలు కాపీ చేసి మూసెయ్యబోతే, క్లిప్‌బోర్డ్‌లో పెద్ద సరుకుంది, ఉంచాలా వద్దా అని అడిగేది గుర్తుందా? వెళ్లిపోయేవాడు బాకీ సంగతి తేల్చుకుని వెళ్లడం అది. మొత్తానికి ఇది వస్తువు చేతులు మారడం కాదు, రెండు ప్రోగ్రాంల మధ్య బేరం. ఇద్దరికీ తెలిసిన భాష ఒకటుంటే బేరం కుదురుతుంది. పెదనాన్న ఫైల్లో ఉన్నది ఆ ఫాంట్‌కి తప్ప ఇంకెవరికీ తెలియని భాష.

సరే, పాత ఫాంట్ మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి, నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, రాసిపెట్టిన పుణ్యాత్ములకు దండం. ఒకప్పుడు పత్రికల సైట్లన్నీ తలా ఒక సొంత ఫాంట్ వాడుతున్న రోజుల్లో పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వాటిని చూస్తుండగానే యూనికోడ్‌లోకి మార్చి పెట్టేది, అది లేకపోతే నాలాంటివాళ్లు అప్పట్లో ఒక్క వార్త కూడా దాచుకోగలిగేవాళ్లు కాదు. నేనూ పెదనాన్న పుస్తకం మొత్తం ఒక కన్వర్టర్‌లో పోశాను. నూటికి తొంభై పైన సరిగ్గా వచ్చింది. ఆ మిగతా దాంతోనే పదిహేను రోజులు.

దగ్గరగా చూద్దాం. ర వత్తు ఉంది చూశారూ, అది అక్షరం కిందనుంచి మొదలై ఎడమ పక్కకి చుట్టుకొస్తుంది కాబట్టి కొన్ని పాత ఫాంట్లలో దాన్ని అక్షరం కంటే ముందే కొట్టేవాళ్లు. కన్వర్టర్ అది పసిగట్టకపోతే ఆ వత్తుని తీసుకెళ్లి ముందున్న అక్షరానికి తగిలిస్తుంది. 'పత్రం' కాస్తా 'ప్రతం' అయింది. 'సూత్రం' 'స్రూతం' అయింది. చిత్రం ఏమిటంటే 'చిత్రం' కూడా 'చ్రితం' అయి కూర్చుంది. తర్వాత 'మ'. పాత ఫాంట్లలో మ అంటే వ పక్కన ఓ కొమ్ము లాంటి తోక, కాబట్టి కన్వర్టర్‌కి 'మ'కీ 'వు'కీ మధ్య తికమక. పెదనాన్న 'మడక' అని రాసిన చోటల్లా 'వుడక' అని వచ్చింది. దుక్కి దున్నాల్సిన మడక వుడకడం మొదలుపెట్టింది. సబ్‌హెడింగ్‌లన్నీ ఇంకో అలంకారం ఫాంట్‌లో ఉన్నాయి, ఆ ఫాంట్ గదుల లెక్క వేరు, అవి మొత్తం బూడిద. పైగా ఆపరేటర్ ఎవరో కానీ ప్రతి లైన్ చివరా ఎంటర్ కొట్టుకుంటూ పోయారు, లైన్ చివర పట్టని మాటల్ని గీత పెట్టి విరిచారు. అచ్చులో బాగానే ఉంటుంది. ఫోన్‌లో చూస్తే 'ఎద్దు-' అని ఒక లైన్, 'ల బండి' అని ఇంకో లైన్.

ఇవన్నీ పైకి కనిపించే తప్పులు, నిజానికి వాటితో పెద్ద బాధ లేదు. 'చ్రితం' అని చూడగానే ఎవరికైనా తెలుస్తుంది. కనిపించనివి ఉన్నాయి చూడండి, అవి చంపాయి. ఒక వత్తు ఎగిరిపోయినా మిగిలినది కూడా తెలుగు మాటే అయితే ఎవడు పట్టుకుంటాడు? 'పట్టు' 'పటు' అయింది. 'గుడ్డి' 'గుడి' అయింది, గుడ్డి ఎద్దు గురించిన పేజీ చదివితే ఊళ్లో ఏదో దేవస్థానం ఎద్దు అనుకోవాలి. వాక్యం నడుస్తూనే ఉంటుంది, అర్థం మాత్రం వేరే.

చివరికి దారి దొరికింది, అది చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది. అటక మీద చెదలు సగం వదిలేసిన కాపీ ఒకటుంటే పేజీ పేజీ ఫోన్‌తో ఫొటో తీసి, బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్‌కి ఇచ్చాను. ఈమధ్య తెలుగు ఓసీఆర్ బాగా మెరుగుపడింది. కొన్ని పేజీల్లో కన్వర్టర్ కంటే అదే నయం. ఆలోచించండి, కంప్యూటర్‌లో కొట్టిన ఫైల్ చేతిలో ఉంది, దాన్ని పక్కన పెట్టి, అది అచ్చైన కాగితాన్ని ఫొటో తీసి, ఆ ఫొటోని మళ్లీ కంప్యూటర్ చేత చదివించుకుంటున్నాం. వడ్లు దంచి బియ్యం చేసి, బియ్యం పారబోసి, ఊకలో నూకలు ఏరుకున్నట్టుంది. కానీ పనికొచ్చింది, ఎందుకంటే కన్వర్టర్ చేసే తప్పులు ఒక రకం, ఓసీఆర్ చేసే తప్పులు ఇంకో రకం. రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు చూపించే ప్రోగ్రాంలో వేస్తే, ఎక్కడ రెండూ ఒకటి కాదో అక్కడ మాత్రం అచ్చు పేజీ చూస్తే చాలు. మొత్తం 140 పేజీలు అక్షరం అక్షరం చదవక్కర్లేకుండా బయటపడ్డాను. ఇలాంటి పని నెత్తిన పడ్డవాళ్లెవరైనా ఉంటే ఈ ఒక్క చిట్కా పట్టుకెళ్లండి.

అసలు వాదనకి వస్తాను. 2003 నాటి పుస్తకానికి ఈ గతి పట్టిందంటే అర్థం చేసుకోగలను. ఇప్పటి పుస్తకాలకు కూడా ఇదే ఎందుకు పడుతోంది?

ఇవాళ తెలుగులో టైప్ చేసుకునే రచయితలు చాలామంది యూనికోడ్‌లోనే రాస్తున్నారు, ఫోన్‌లో, గూగుల్ డాక్స్‌లో, లేఖిని వెబ్‌సైట్‌లో, ఎక్కడ రాసినా. ఆ ఫైలు పబ్లిషర్‌కి పంపుతారు. చాలాచోట్ల డీటీపీ ఆపరేటర్ ఏం చేస్తారంటే దాన్ని ఒక కన్వర్టర్‌తో వెనక్కి, పాత ఫాంట్‌లోకి మారుస్తారు. అప్పుడు పేజీలు కట్టి ఫస్ట్ ప్రూఫ్ ఇస్తారు. రచయిత ఎర్ర పెన్నుతో దిద్దుతాడు. ఆపరేటర్ పాత ఫాంట్ ఫైల్లో కరెక్షన్లు వేస్తారు. సెకండ్ ప్రూఫ్, థర్డ్ ప్రూఫ్, మళ్లీ అదే. ఎడిటర్ ఉంటే ఆయన దిద్దినవీ అక్కడే పడతాయి. పుస్తకం అచ్చైపోతుంది, చక్కగా ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, తప్పులన్నీ దిద్దిన ప్రతి ఎక్కడుంది? పాత ఫాంట్‌లో, ఆ ఆపరేటర్ కంప్యూటర్‌లో. రచయిత దగ్గరున్న యూనికోడ్ ఫైల్లో ఏముంది? దిద్దకముందు తప్పులన్నీ. రేవు దాటించిన పడవ తిరిగి రాలేదు.

ఇది ఊహించి చెప్పడం లేదు, నాకే జరిగింది. కొన్నేళ్ల కిందట నా కథల పుస్తకం ఒకటి వచ్చింది. ఒక కథలో ఒకావిడ మొదటి సగంలో కథకుడికి పిన్ని, రెండో సగంలో అత్తయ్య. రాసింది నేనే, తప్పు నాదే, ఆ కథ రెండు విడతలుగా ఏడాది తేడాతో రాశాను. సెకండ్ ప్రూఫ్‌లో చూసుకుని అంతటా అత్తయ్యని చేశాను, అచ్చులో సరిగ్గా వచ్చింది. తర్వాత ఈ-బుక్ చేస్తున్నామండి, ఫైల్ పంపండి అన్నారు. పంపాను. నా దగ్గరున్నది ఏ ఫైల్? పాతదే! ఈ-బుక్ చదివిన పాఠకురాలు ఒకామె, "కథ మధ్యలో చుట్టరికం మారిపోవడంలో ఏదైనా అంతరార్థం ఉందాండీ?" అని రాసింది. ఉందని చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా.

కాబట్టి నేననేది ఇదీ: కన్వర్టర్ ఎంత బాగా పని చేస్తుందన్నది కాదు ప్రశ్న, దిద్దుబాట్లు ఏ ఒడ్డున జరుగుతున్నాయన్నదే. ఒక పుస్తకానికి యూనికోడ్ ప్రతి ఒక్కటే మూలం అయ్యుండాలి, కరెక్షన్ ఏదైనా ముందు అక్కడ పడాలి, పేజీలు అందులోంచి పుట్టాలి. ఈ మాట అంటే ఆపరేటర్ల వైపు నుంచి మూడు జవాబులు వస్తాయి, మూడూ గాలి మాటలు కావు.

మొదటిది వేగం. ఇరవయ్యేళ్లుగా ఒకే కీబోర్డ్ మీద చేతులు పడిపోయిన మనిషిని ఇంకో లేఅవుట్ నేర్చుకోమంటే, పేజీకి ఇంత అని కూలి తీసుకునేవాళ్లకి అది సగం జీతం కోత. నిజమే. కానీ చాలా టైపింగ్ ఇప్పుడు రచయితలే చేసుకొస్తున్నారు, ఆపరేటర్ చేసేది పేజీలు కట్టడం, దిద్దడం. ఆ దిద్దుబాట్లకు తమకు అలవాటైన లేఅవుట్‌నే యూనికోడ్‌లో ఇచ్చే కీబోర్డ్ ప్రోగ్రాంలు ఉన్నాయి. రెండోది అందం. పాత ఫాంట్లలో ఉన్నన్ని వన్నెలు యూనికోడ్‌లో లేవంటారు. ఒకప్పుడు లేవు. ఇప్పుడు గిడుగు, గురజాడ, రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి, పేర్లు చదువుతుంటేనే సాహిత్య అకాడమీ సభలా ఉంటుంది, ఇవన్నీ యూనికోడ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. శుభలేఖలకూ కవర్ పేజీలకూ ఇంకా కావాలంటే ఒప్పుకుంటాను, కవర్ మీద నాలుగు మాటలు ఏ ఫాంట్‌లో ఉంటే ఎవరికి నష్టం? లోపలి 200 పేజీల సంగతి చెప్పండి. మూడోది, పేజీలు కట్టే ప్రోగ్రాంలో యూనికోడ్ తెలుగు ముక్కలైపోతుందని. పేజ్‌మేకర్‌లో అవుతుంది, దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో 2012 నాటి సీఎస్6 నుంచి మన భాషల అక్షరాలను సరిగా కూర్చే ఏర్పాటు ఉంది. పాత వెర్షన్‌తోనే, పాత మెషిన్‌తోనే నెట్టుకొస్తున్న చిన్న సెంటర్లుంటాయి, కొత్తది కొనాలంటే నెలనెలా కట్టాలి. ఇది మాత్రం గట్టి అభ్యంతరం. దీనికి నా దగ్గర డబ్బు పరంగా జవాబు లేదు. కానీ రచయిత చేయగలిగింది ఒకటుంది, అది కిందికొచ్చి చెప్తాను.

యూనికోడ్ అయితే అన్నీ సుఖమే అని కూడా నేననను, అక్కడా దయ్యాలున్నాయి. ఈ రెండు మాటలు చూడండి: అందరూ, అ౦దరూ. తేడా కనిపించిందా? మొదటిదాంట్లో ఉన్నది అక్షరమాలలోని సున్న, రెండోదాంట్లో ఉన్నది తెలుగు అంకెల్లో సున్నా. కంటికి ఒకటే, కంప్యూటర్‌కి రెండు వేరువేరు నంబర్లు. ఒకటి వెతికితే రెండోది దొరకదు. ఐత్వానికి కూడా రెండు దారులున్నాయి, ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద మరో ముక్క చేర్చి రాయొచ్చు. ఇక 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట్ కి వ వత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు పెడతాం. కొన్ని ప్రోగ్రాంలు పేస్ట్ చేసేటప్పుడు దాన్ని చెత్త అనుకుని ఊడ్చేస్తాయి, అప్పుడు 'సాఫ్ట్వేర్' అవుతుంది. ఆ కనిపించని గుర్తే 2018 ఫిబ్రవరిలో ప్రపంచం మొత్తాన్ని తెలుగు వైపు చూసేలా చేసింది: 'జ్ఞా' అనే అక్షరంలో అది ఒకచోట ఇరుక్కుంటే, దాన్ని చూపించబోయిన ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెలలోనే ఆపిల్ సరిచేసింది. జ్ఞానం ఎక్కువైతే ఎవరికైనా కష్టమే అని ఆరోజు మా ఆఫీసులో జోకు.

పీడీఎఫ్ సంగతి చెప్తే ఇంకో వ్యాసం అవుతుంది. ఒక్క ముక్క: పీడీఎఫ్ పుట్టింది పేజీ ఎలా కనిపించాలో చెప్పడానికి. ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక లోపల సరిగ్గా పెట్టకపోతే, యూనికోడ్‌లోనే తయారైన తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా గుడి ఒకచోట, వత్తు ఒకచోట, అక్షరం ఇంకోచోట పడతాయి. "పీడీఎఫ్ ఉందిగా, భద్రంగా ఉన్నట్టే" అనుకునే రచయితలు దయచేసి ఒక పేరా కాపీ చేసి చూసుకోండి.

అంకెల వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. ఎక్సెల్ 15 అంకెల దాకే నమ్మకంగా గుర్తుపెట్టుకుంటుంది, 16 అంకెల అకౌంట్ నంబర్ అతికిస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. తేదీలా కనిపించిన ప్రతిదాన్నీ తేదీ చేసేస్తుంది, ఈ దెబ్బకి జీవశాస్త్రవేత్తలు 2020లో ఏకంగా కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ప్రోగ్రాం మారదు, మనిషే మారాలి అని వాళ్లు ఒప్పేసుకున్నారు. నాకది నచ్చదు కానీ తెలివైన పనే.

రచయిత చేయగలిగింది అన్నాను కదా. ఫైనల్ ప్రూఫ్ ఓకే చేసిన రోజే, అచ్చుకి పోకముందే, "దిద్దిన మేటర్ యూనికోడ్‌లో నాకు ఇవ్వండి" అని అడగండి. డబ్బులు పెట్టి సొంతంగా వేసుకునేవాళ్లైతే బేరం మాట్లాడేటప్పుడే చెప్పండి, పేజీకి రెండు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి, అది ఆపరేటర్ పని, ఊరికే చెయ్యమనడం న్యాయం కాదు. పబ్లిషర్ వేస్తుంటే అగ్రిమెంట్‌లో ఒక లైన్ రాయించుకోండి. ఇచ్చిన ఫైలు నిజంగా యూనికోడేనా అని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మధ్యలోంచి ఒక పేరా తీసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. ఫోన్‌లో తెలుగు కనిపిస్తే అది తెలుగు. డాలర్ గుర్తు కనిపిస్తే ఆ నిమిషంలోనే వెనక్కి ఫోన్ చెయ్యండి, ఇరవయ్యేళ్ల తర్వాత మీ తమ్ముడి చేత చేయించకండి. అదీ కుదరకపోతే, విసుగైనా సరే, ఎర్ర పెన్నుతో దిద్దినవన్నీ ఆ రాత్రే మీ ఫైల్లో కూడా దిద్దుకోండి. నేనిప్పుడు అదే చేస్తున్నాను.

పెదనాన్న పుస్తకం ఇప్పుడు దాదాపు అయిపోయింది. ఆఖరున ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. విత్తనాలు వేసే గొర్రు గురించిన అధ్యాయంలో, పైన గింజలు పోసే గిన్నెకి కన్వర్టర్ 'జడిగం' అని ఇచ్చింది. ఓసీఆర్ ఆ చోట ఏమీ ఇవ్వలేదు, ఎందుకంటే అచ్చు కాపీలో సరిగ్గా అక్కడే చెదలు తిన్న చిల్లి. నిఘంటువు చూద్దామా అంటే, పెదనాన్న రాసింది నిఘంటువు చూసి కాదు, వాళ్ల ఊళ్లో పలికినట్టు. అన్నయ్యకి ఫోన్ చేస్తే, "నాకేం తెలుసురా, నేను గొర్రు చూసిందే లేదు" అన్నాడు.

పెద్దమ్మకి చేశాను. పెద్దగా అరిచి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"జడిగం ఏంట్రా, జడ్డిగం. మీ పెదనాన్న గొర్రు తోలుతుంటే వెనకాల నడుస్తూ అందులో గింజలు వదిలింది నేనే, నాకు తెలీదా? ఇంతకీ పుస్తకం అయిందా లేదా?"

డ కింద డ వత్తు పెట్టాను.